మూడు రెక్కలు, సగం చుట్టు

జూన్ 3, సోమవారం

భయమేమీ లేదు. పరీక్ష పంతొమ్మిదో తారీఖున. బోలెడు టైముంది.

పొద్దున్నే ఇన్‌ఛార్జ్ సార్ పిలిపించారు. కాలేజీ ఎలక్ట్రికల్ ల్యాబ్‌లో ఏ మీటరో కాలిపోయి ఉంటుందనుకుంటూ వెళ్ళాను. "కూర్చోమ్మా" అన్నారు.  ఇన్నేళ్ళలో నన్ను ఆ కుర్చీలో కూర్చోమన్నవాళ్ళు లేరు.

"నీ పని మీద నాకే కంప్లైంటూ లేదు. కానీ నీ పోస్టు పర్మనెంట్ చేస్తున్నారు. డిప్లొమా ఉన్నవాళ్ళనే తీసుకోమని పైనుంచి ఆర్డరు. నీకింకా ఎన్ని పేపర్లు మిగిలాయి?"

"ఒక్కటే సార్. లెక్కలు."

"పాత సిలబస్‌కి ఇదే ఆఖరి పరీక్షట. ఇది పోతే మళ్ళీ మొదటి సంవత్సరం నుంచి చదవాల్సిందే. ఇక్కడ కూడా వేరేవాళ్ళని వేసుకోక తప్పదు. తెలుసుగా?"

తెలుసు. తెలిసే కదా తిండి సహించడం లేదు. పైకి మాత్రం "పాసైపోతాను సార్" అన్నాను, సర్టిఫికెట్ బ్యాగులో పెట్టుకొచ్చినంత ధీమాగా. పెళ్ళి హడావిడిలో ఆగిపోయిన పేపరిది. ఆ తర్వాత రాసిన ప్రతిసారీ సంకీర్ణ సంఖ్యల ప్రశ్న దగ్గరే బోర్లాపడ్డాను. అదేమో పెద్ద ప్రశ్న, రాసి తీరాలి. వదిలేస్తే పాసు గీత అందదు.

ఇంట్లో లెక్చరర్ని పెట్టుకుని ఈ గాభరా ఏంటంటారు మా ఆయన. ఆ లెక్చరర్ ఆయన అక్కయ్య, మా వదిన. కాలేజీలో లెక్కలు చెప్పి చెప్పి రిటైరైంది. పోయిన నెల కంటి ఆపరేషన్ కోసం మా ఇంటికొచ్చింది, ఇంకా ఇక్కడే ఉంది. ఆవిణ్ణి అడగాలంటే నాకు నామోషీ. "ఇంత మాత్రం రాదా" అని నోటితో అనదు, మొహంతో అంటుంది.

అడుగుతాను. రేపు.

జూన్ 4, మంగళవారం

ఇవాళ కుదరలేదు.

జూన్ 6, గురువారం

అడిగాను. నిన్న సాయంత్రం ఇంట్లో. ఇప్పుడు ల్యాబ్‌లో మోటార్ బెంచీ వెనక స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. గ్రీజు అంటుతుందని ఇటు ఎవరూ రారు.

పుస్తకం పట్టుకుని నిలబడగానే వదిన నల్లద్దాల్లోంచి నావైపు తిరిగింది. "అది నా మొహాన పెట్టకు. డాక్టరమ్మ ఇంకొన్నాళ్ళు అక్షరం చదవొద్దంది. నువ్వు నోటితో చెప్పు, నేను చెవులతో చూస్తా" అంది. ఆవిడ ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ మసకే. చదివిందంతా, చెప్పిందంతా ఈ ఆపరేషన్ చేసిన కుడికంటితోనే. అందుకే దాన్ని అంత అపురూపంగా చూసుకుంటుంది.

భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బా పెట్టించింది. అది సున్నా. కుడికి ప్లస్, ఎడమకి మైనస్, ఇవి మామూలు సంఖ్యలు. పైకీ కిందికీ i లు; i అంటే మైనస్ ఒకటికి వర్గమూలం. లిఫ్టులు బాగుచేసే మా ఆయన టీ తాగుతూ "నాకు పైకీ కిందికీ వెళ్ళేవి మాత్రం బాగా తెలుసు" అన్నారు. వదిన నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"మైనస్ ఒకటి, ప్లస్ i. చెంచా అక్కడ పెట్టు. ఉప్పు డబ్బా దగ్గర్నుంచి దాని కోణమెంత?"

కాలిక్యులేటర్ నొక్కాను. "మైనస్ నలభై అయిదు."

"అంటే ఎక్కడుంటుంది?"

"కుడిపక్క, కిందికి."

"చెంచా ఎక్కడుంది?"

"ఎడమపక్క, పైకి."

"మరి ఇద్దర్లో ఎవరు కరెక్టు, చెంచానా, నీ కాలిక్యులేటరా?"

చెంచానే. కోణం నూట ముప్ఫయి అయిదు. కాలిక్యులేటర్‌కి నేనిచ్చింది ఒక భిన్నం. అందులో మైనస్ పైదో కిందిదో దానికేం తెలుసు? "దానికి ఎడమపక్క కనబడదే పిల్లా. ముందు పాదం చూడు. ఉప్పు డబ్బా చుట్టూ బల్లని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటీ ఒక పాదం. చుక్క ఏ పాదంలో ఉందో చూసుకుని, ఆ తర్వాత మీట నొక్కు" అంది. ముందు పాదం చూడు, ముందు పాదం చూడు అని నా చేత నాలుగుసార్లు అనిపించింది, చంటిపిల్లకి చెప్పినట్టు.

జూన్ 8, శనివారం

అసలు ఒక సంఖ్యకి మూడు ఘనమూలాలేంటి? ఎనిమిదికి రెండు. అంతే కదా! ఇన్నేళ్ళూ పుస్తకంలో ఉందని బట్టీ పట్టాను, మర్చిపోయాను, మళ్ళీ పట్టాను.

సాయంత్రం వదినతో వాకింగ్‌కి వెళ్ళాను. మా బిల్డింగ్ చుట్టూ తిరగడమే. నా చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచింది. గేటు దగ్గరికి రాగానే ఆగి, "ఇప్పుడెన్ని చుట్లు తిరిగాం?" అంది.

"రెండు."

"వాచ్‌మన్ ఇప్పుడే వచ్చి మనల్ని చూశాడనుకో. ఎన్ని తిరిగామో చెప్పగలడా?"

"ఎలా చెప్తాడు? గేటు దగ్గర నిలబడ్డాం, అంతే."

"అదే. కోణం కూడా అంతే. ఇరవై నాలుగు డిగ్రీలన్నా, దానికి ఇంకో మూడు వందల అరవై కలిపినా నిలబడే చోటు ఒకటే. కానీ గుణిస్తే కోణాలు కలుస్తాయి కాబట్టి, ఘనమూలం కావాలంటే ఆ కోణాన్ని మూడుతో భాగించాలి. చుట్టేమీ తిరక్కుండా వచ్చినవాడికి ఎనిమిది వస్తుంది. ఒక చుట్టు తిరిగొచ్చినవాడికి నూట ఇరవై ఎనిమిది. రెండు చుట్లకి రెండు వందల నలభై ఎనిమిది. ముగ్గురూ మూడు చోట్లకి పోతారు."

"మూడు చుట్లు తిరిగితే?"

"మూడు వందల అరవై ఎనిమిది. అంటే మళ్ళీ ఎనిమిదే. అందుకే మూడే మూలాలు, నాలుగోది లేదు."

నేను రోడ్డు మీదే "ఓహో!" అని గట్టిగా అరిచాను. వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. ఎంత సంతోషమేసిందంటే, ఇంటికొచ్చాక కోపం కూడా వచ్చింది, ఈ ముక్క ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు చెప్పలేదని.

జూన్ 10, సోమవారం

కాలేజీలో అందరికీ తెలిసిపోయింది. స్టోర్‌కీపర్ మేడమ్ "ఏంటి, మళ్ళీ రాస్తున్నావటగా?" అంది. ఆ మళ్ళీ అన్న మాటని ఎంత సాగదీసిందో! రాస్తున్నానన్నాను. ఇంకేదో అందామనుకున్నాను గానీ వచ్చే నెల కూడా ఆవిడ దగ్గరే ఫ్యూజులు తీసుకోవాలి. వచ్చే నెల ఇక్కడుంటేనే లెండి.

ఇంట్లో వదిన వంటింటి తలుపు ఫ్రేమ్ వంకరగా పెట్టారంది. మధ్యలో లోపలికి వంగిందట. మా ఆయనకి పౌరుషమొచ్చింది, పెట్టించింది ఆయనే. రసమట్టం తెచ్చి ఆనించారు. బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. "చూడక్కా, లిఫ్టు గైడు పట్టాల కన్నా తిన్నగా ఉంది." వదిన తల పక్కకి వంచి తలుపు వైపు ఇంకోసారి చూసింది. వీళ్ళిద్దరి తలుపు పంచాయితీలో నా సాయంత్రం చదువు గోవిందా.

జూన్ 12, బుధవారం

మూడు మూలాలూ ఒకే పొడవు, సమానమైన ఎడంలో ఉంటాయి. సీలింగ్ ఫ్యాన్ రెక్కల్లాగ. ఒక రెక్క ఎక్కడుందో తెలిస్తే చాలు, నూట ఇరవై చొప్పున జరుపుకుంటూ పోవడమే. ఇది నాకు వచ్చేసింది. రాసుకుంటున్నాను: వచ్చేసింది.

ఆఖర్న తాళం వేసినట్టు ఒక పని చెయ్యాలంటుంది వదిన. వచ్చిన మూలాల్లో ఒకదాన్ని మూడుసార్లు గుణించి, మొదటి సంఖ్య వస్తుందో లేదో చూడాలి. "నీ మీద నీకు నమ్మకమున్నా సరే, తిరిగి గుణించి చూడు. లెక్క మొహమాటపడదు" అంది.

జూన్ 14, శుక్రవారం

వదిన నా కాగితాల మీద టీ పోసేసింది. కప్పు పక్కన పోసింది, కప్పులో కాదు. రాసిన లెక్కలన్నీ తడిసిపోయాయి. గిన్నెలు కాస్త చప్పుడుగా కడిగాను. అయిదు రోజులే ఉంది, ఎవరికీ పట్టదు.

జూన్ 16, ఆదివారం

"ఆపరేషనై నెల దాటింది కదా వదినా, ఇంక పేపర్ చదువుకోవచ్చుగా" అన్నాను. "అలవాటు తప్పింది, నువ్వే చదివి పెట్టు" అంది. హెడ్డింగులు గబగబా చదివేసి లెక్కల పుస్తకం తీశాను.

వదిన చెకప్ కూడా పంతొమ్మిదినే పడింది. మా ఆయనకి ఆ రోజు సెలవు దొరకదు, నేనే తీసుకెళ్ళాలి. ఏం చెయ్యాలో తోచక పొద్దుట్నుంచి నసుగుతూ ఉన్నాను. చివరికి ఆవిడే ఆస్పత్రికి ఫోన్ చేసి వచ్చే నెలకి మార్పించుకుంది.

"ఏం ఫర్వాలేదా?"

"బాగా కనిపిస్తోంది. బాగున్న కంటిని చూపించడానికి తొందరేముంది? నువ్వు నీ పాదం సంగతి చూసుకో."

అమ్మయ్య అనిపించింది. ఎంత మంచి మనిషో. నేనే అనవసరంగా ఆవిడంటే భయపడ్డాను ఇన్నాళ్ళూ.

జూన్ 18, మంగళవారం

 ముందు పాదం చూడు. చుట్లు కలుపు. భాగించు. తిరిగి గుణించు. ముందు పాదం చూడు.

జూన్ 19, బుధవారం

రాశాను. బాగానే రాశాను.

జూన్ 20, గురువారం

బాగా రాయలేదు.

ప్రశ్న ఇది: −2−2i ఘనమూలాలన్నీ కనుక్కుని పటంలో చూపండి. చూడగానే ప్రాణం లేచొచ్చింది. వదిన ఇంతకన్నా కష్టమైనవి నోటితో చెప్పించింది. ఉత్సాహం పట్టలేక పటం తర్వాత గీద్దామనుకుని కాలిక్యులేటర్ తీశాను. మైనస్ బై మైనస్, ప్లస్. నలభై అయిదు. మూడుతో భాగిస్తే పదిహేను. నూట ఇరవై కలిపితే నూట ముప్ఫయి అయిదు. ఇంకో నూట ఇరవై కలిపితే రెండు వందల యాభై అయిదు. పొడవు రూట్ రెండు. ఎంత నీటుగా వచ్చాయో! నా మొహం నీటుగా!

ఆఖరి పావుగంట బెల్లు కొట్టారు. తిరిగి గుణించి చూద్దామని తేలికైనది తీసుకున్నాను. రూట్ రెండు పొడవు, నూట ముప్ఫయి అయిదు డిగ్రీలంటే మైనస్ ఒకటి ప్లస్ i. దాన్ని మూడుసార్లు గుణిస్తే రెండు ప్లస్ రెండు i వచ్చింది. నాకు కావాల్సింది మైనస్ రెండు, మైనస్ రెండు i. మళ్ళీ గుణించాను. మళ్ళీ అదే.  తప్పెక్కడుందో వెతుకుతుంటే అంకెలన్నీ కాగితం మీద ఈదుతున్నాయి. ఇన్విజిలేటర్ ముందు వరస పేపర్లు లాగేసుకుంటోంది.

అంకెలు సరిపోయాయి, గుర్తులే తిరగబడ్డాయి. అందుకని మూడింటి ముందూ తలో మైనస్ పెట్టేశాను. బోల్టు మరలో పట్టకపోతే సుత్తితో కొట్టి దించినట్టు. పటం గీయనే లేదు.

తప్పేంటో బస్సులో తెలిసింది. ఎడమకి రెండు, కిందికి రెండు. మూడో పాదం. రెండు వందల పాతిక డిగ్రీలు! కాలిక్యులేటర్‌కి ఎడమపక్క కనబడదని ఉప్పు డబ్బా, చెంచా పెట్టి మరీ చెప్పింది మనిషి. బస్సులో అందరి ముందూ నెత్తి కొట్టుకున్నాను. పక్కనావిడ కాస్త జరిగి కూర్చుంది.

ఇంటికెళ్ళేసరికి వదిన గుమ్మంలోనే ఉంది. "ఎలా రాశావే?" అంది. ఎంత ఆశగా అడిగిందో. "బాగా రాశాను వదినా" అన్నాను. అన్నాక ఇంక వెనక్కి తీసుకోవడం ఎలా?

జూన్ 22, శనివారం

వదిన ఫోన్లో ఎవరికి పడితే వాళ్ళకి చెప్తోంది. "మా మరదలు అద్భుతంగా రాసిందట. అక్షరం చూడకుండా నోటి మాటగా చెప్పాను, పట్టేసింది!" నేను స్నానాల గదిలో కుళాయి తిప్పి కూర్చున్నాను, వినబడకుండా.

"ప్రశ్న చెప్పు, నోటితో చేద్దాం" అని రోజూ అడుగుతోంది. తలనొప్పి అంటున్నాను. బట్టలున్నాయి అంటున్నాను. ల్యాబ్‌లో స్టాక్ చెకింగ్ అంటున్నాను.

జూన్ 25, మంగళవారం

మిగతా ప్రశ్నల మార్కులు వేళ్ళ మీద వేసుకుంటే, ఒకసారి పాసవుతాను, ఇంకోసారి పోతాను. పాసు చేసిన లెక్కనే నమ్మాలని నిశ్చయించుకున్నాను.

మళ్ళీ వేశాను. పోయాను.

జూన్ 27, గురువారం

ఇన్‌ఛార్జ్ సార్ నా బెంచీ దగ్గరికి ఎవరో అమ్మాయిని తీసుకొచ్చి ల్యాబ్ అంతా చూపించారు. ఎవరని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. ఆ అమ్మాయి మోటారు మీద చెయ్యి వేసి చూసింది. నాకు ఎంత మండిందంటే, నా మోటారు ముట్టుకోకమ్మా అని అరవబోయి ఆగాను.

జూన్ 30, ఆదివారం

ముందునుంచీ రాస్తాను, లేకపోతే నాకే అర్థం కాదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మా ఆయన ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారని ఫోనొస్తే వెళ్ళారు. వదిన బల్ల దగ్గర కూర్చుని, ఉప్పు డబ్బా ముందుకి లాక్కుని, "ఇవాళ ఏ వంకా లేదు. ప్రశ్న చెప్పు" అంది.

ఇంక ఆపుకోలేకపోయాను. "నాశనం చేశాను వదినా" అని మొదలుపెట్టి ఏడుస్తూ మొత్తం చెప్పాను. పాదం చూడలేదని, నలభై అయిదని రాశానని, గుణిస్తే గుర్తులు తిరగబడ్డాయని, బుద్ధి లేకుండా మైనస్‌లు అతికించానని. "మీకు అబద్ధం చెప్పాను. మీరు ఊరంతా చెప్పుకుంటుంటే చచ్చిపోవాలనిపించింది."

ఆవిడ తిట్టలేదు. "ఆగు. ఏడుపు ఆపి మూలాలు చెప్పు" అంది.

"పదిహేను, నూట ముప్ఫయి అయిదు, రెండు వందల యాభై అయిదు. మూడింటి ముందూ మైనస్."

"మైనస్ అంటే ఏంటి?"

"తీసివేత."

"చంపేస్తాను. బల్ల మీద మైనస్ అంటే ఏంటి? చెంచా ఉప్పు డబ్బాకి ఈపక్కనుంటే, మైనస్ పెడితే?"

"ఆపక్కకి పోతుంది."

"అంటే సగం చుట్టు. నూట ఎనభై. కలిపి చూడు."

పదిహేనుకి నూట ఎనభై కలిపితే నూట తొంభై అయిదు. నూట ముప్ఫయి అయిదుకి కలిపితే మూడు వందల పదిహేను. మూడోది నాలుగు వందల ముప్ఫయి అయిదు, అందులో ఒక చుట్టు తీసేస్తే డెబ్భై అయిదు. వదిన తనలో తను ఏదో లెక్కేసుకుంటోంది. "ఇప్పుడు సరైన కోణంతో చెయ్యి. రెండు వందల పాతికని మూడుతో భాగించు."

డెబ్భై అయిదు. నూట తొంభై అయిదు. మూడు వందల పదిహేను.

"వదినా!"

"అవే. మూడూ అవే" అని బల్ల మీద చరిచింది. "ఒసేయ్, నీ జవాబు కరెక్టే! మైనస్‌ని మూడుసార్లు గుణిస్తే మైనస్సే మిగులుతుంది కదా. ఫ్యాన్ ఆపు, చూపిస్తా. మూడు రెక్కలున్నప్పుడు సగం చుట్టు తిప్పితే ప్రతి రెక్కా ఖాళీలోకి వచ్చి కూర్చుంటుంది. నీ తప్పు నిన్ను ఖాళీల్లో పెట్టింది, నీ మైనస్ మళ్ళీ రెక్కల మీదికి తెచ్చింది. అదే నాలుగో మూలాలు అడిగుంటే మునిగేదానివి. నాలుగు రెక్కల్ని సగం చుట్టు తిప్పినా ఎక్కడివక్కడే ఉంటాయి."

 పరుగెత్తి స్విచ్ ఆపాను. ఫ్యాన్ మెల్లగా తిరిగి తిరిగి ఆగింది. వదిన మూలనున్న చీపురు తీసుకుని, తిరగేసి పట్టుకుని కుర్చీ పక్కన నిలబడింది. "ఇదుగో, ఈ రెక్క గడియారం వైపుంది కదా. దీన్ని ఇలా తోస్తే" అని చీపురు కర్రతో తోసింది.

గడియారం వైపు రెక్క లేదు. అక్కడ ఖాళీ. కర్ర గాల్లో ఆడింది. మళ్ళీ తోసింది. మళ్ళీ గాలే. నేను ఫక్కున నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"వదినా, ఎన్ని రెక్కలున్నాయి?"

"మూడే కదా."

"మూడని నాకూ తెలుసు. మీకు కనబడుతున్నాయా?"

చీపురు దించింది. నల్లద్దాలు తీసి చేత్తో మొహం తుడుచుకుంది. 

"నడిమధ్యలో మసక. అంచులు కనబడతాయి, చూడాలనుకున్నదే కనబడదు. నీ మొహం చూస్తే జుట్టు కనబడుతుంది."

"ఎప్పట్నుంచి?"

"నీ పరీక్షకి పది పన్నెండు రోజుల ముందు."

"మరి చెకప్ ఎందుకు మార్చారు? బాగా కనిపిస్తోందన్నారు కదా!"

"చెప్తే పుస్తకం మూసేసి నన్నాస్పత్రికి లాక్కెళ్ళేదానివి. నీకిది ఆఖరుసారి. నాదేముంది, కన్నెక్కడికీ పోదు అనుకున్నాను." అద్దాలు మళ్ళీ పెట్టుకుంది. "పరీక్షయ్యాక చెబుదామనుకున్నా. అప్పటికి భయమేసింది. ఆపరేషన్ పాడైందంటారేమోనని. ఇంకో కన్ను లేదు కదే నాకు."

ఇప్పుడు ఈ డైరీ వెనక్కి తిప్పి చూశాను. తలుపు వంకర. కప్పు పక్కన టీ. చెయ్యి గట్టిగా పట్టుకుని నడవడం. పేపర్ నువ్వే చదివి పెట్టు. అన్నీ నా చేత్తోనే రాశాను. రాసి, గిన్నెలు చప్పుడు చేస్తూ కడిగాను.

జూలై 1, సోమవారం

ల్యాబ్‌కి సెలవు పెట్టాను. ఆ అమ్మాయి మోటారు ముట్టుకుంటే ముట్టుకోనీ.

కంటి వెనక పొరలో, సరిగ్గా చూపు నిలిచే చోట వాపట. ఆపరేషన్ తర్వాత కొందరికి వస్తుందట. "చెకప్‌కి ఎందుకు రాలేదు?" అని డాక్టరమ్మ గట్టిగా అడిగింది. వదిన "వీలు పడలేదండీ" అంది, నావైపు చూడకుండా. నేను నేల చూశాను.

చుక్కలు రాసిచ్చింది. తగ్గుతుందా అంటే, చాలామందికి తగ్గుతుంది, ఆలస్యమైనవాళ్ళకి పూర్తిగా తగ్గుతుందని చెప్పలేం అంది. రోజూ ఏదైనా తిన్నని గీతని చూసి, వంకర పెరిగిందో తగ్గిందో గమనించమంది.

విన్నాక మా ఆయన రసమట్టం సంచీలోంచి తీసి, చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

జూలై 4, గురువారం

చుక్కలు నేనే వేస్తున్నాను. తలుపు?

వంకరే.

జూలై 9, మంగళవారం

తలుపు వంకరే. స్టోర్‌కీపర్ మేడమ్ రిజల్ట్స్ ఎప్పుడంది. నాకు నిజంగా గుర్తు లేదు. ఆశ్చర్యంగా చూసింది.

జూలై 13, శనివారం

కాస్త తగ్గిందంటుంది. నమ్మను. ఈవిడ మాట నమ్మబట్టే ఇంత దూరం వచ్చాం. "ఎంత తగ్గింది?" అంటే "తగ్గిందంటే తగ్గింది, రసమట్టం తెచ్చి నా కంట్లో పెట్టు" అంది. కోపంగా ఉంది. కోపం రావడం మంచిదే అనుకుంటాను.

జూలై 19, శుక్రవారం

రిజల్ట్స్ వచ్చాయని ఇన్‌ఛార్జ్ సార్ ఫోన్ చేశారు. "నేను చూడలేదమ్మా, నువ్వే చూసుకో" అన్నారు. పాసైతే చెప్పేవారు కదా? ఫెయిలైతే చెప్పలేక అలా అన్నారా? ఒంట్లో ఉన్న భయమంతా ఒక్కసారి తిరిగొచ్చింది. ఫోనులో లిస్టు తెరిచాను గానీ కిందికి జరపడానికి వేలు రాలేదు.

"ఇటివ్వు, నేను చదువుతా" అంది వదిన.

ఇవ్వబోయి ఆగాను. ఈ మనిషి నాకోసం చూపే దాచిపెట్టింది. ఏమీ కనబడకపోయినా పాసైపోయావే అనేయగలదు. నా నంబరు ఆవిడకి కంఠతా వచ్చు, అంకెలు చూడక్కర్లేదు. అందుకని పోయినేడాది లిస్టు తెరిచి చేతికిచ్చాను. 

ఫోన్ దగ్గరికి పెట్టుకుంది. దూరం పెట్టుకుంది. తల కాస్త పక్కకి వంచింది.  పాస్ అంటుంది ఇప్పుడు, అనేస్తుంది, అనొద్దు వదినా అని లోపల దండం పెట్టుకుంటున్నాను.

"ఇందులో నీ నంబరు లేదే" అంది. ఇంకా పైకి జరిపింది. "ఎందుకుంటుంది? ఇది పోయినేడాదిది. పైన రాసుంది కదా ఎంతెంత అక్షరాలతోనో. నన్ను పరీక్షిస్తున్నావా?"

"తిరిగి గుణించి చూశాను" అన్నాను.  కళ్ళనీళ్ళు ఆగలేదు.

వదిన నన్ను తిట్టుకుంటూ ఈ ఏడాది లిస్టు తనే వెతికి తీసింది. ఒక్కొక్క వరసా వేలితో పట్టుకుంటూ, పెదాలు కదుపుతూ కిందికి వచ్చింది. ఒకచోట వేలు ఆగింది. నా నంబరు అంకె తర్వాత అంకె చదివింది. నేను ఆవిడ భుజం మీదుగా చూశాను. ప్రతి అంకే కరెక్టుగా చదివింది.

"పక్కన పాస్ అనుంది" అంది.

"మళ్ళీ చదవండి వదినా."

"పాసయ్యావే. కనబడట్లేదా?"

"నాకు కాదు. మీరు మళ్ళీ చదవండి."

మళ్ళీ చదివింది.